తీగ మీద చదరంగం: టెలిగ్రాఫ్ తొలి రోజుల్లో ఎత్తులు ఎలా ప్రయాణించాయి

1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తొలి అధికారిక టెలిగ్రాఫ్ సందేశం పంపాడని చాలామంది చదివే ఉంటారు. అదే తీగ మీద ఆ తర్వాత కొన్ని నెలలకు జరిగిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ ఏడాది చలి మొదలయ్యే వేళకు రెండు ఊళ్ళ ఆటగాళ్ళు తీగకు చెరో చివర బల్ల పరుచుకుని కూర్చున్నారు. ముందు అదే గళ్ళ బల్ల మీద బిళ్ళలతో ఆడే డ్రాఫ్ట్స్, తర్వాత చదరంగం ఆడారు. బల్ల మీది గళ్ళకు 1 నుంచి 64 దాకా నంబర్లు పెట్టుకున్నారు. ఏ గడిలోని పావు ఏ గడికి వెళ్ళిందో చెప్పడానికి రెండు నంబర్లు చాలు. ఆ లెక్కన ఏడు ఆటల్లో 686 ఎత్తులు అటూ ఇటూ నడిచాయని, ఒక్కటి కూడా తప్పు పోలేదని టెలిగ్రాఫ్ పక్షం వాళ్ళు గట్టిగా చెప్పుకున్నారు.

ఆట ఆడుకోవడానికి ప్రభుత్వ తీగే దొరికిందా అని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికా కాంగ్రెస్ ఆ లైను కోసం 1843లో 30,000 డాలర్లు మంజూరు చేసింది. అరవై కిలోమీటర్ల పైచిలుకు తీగ వేశారు. అది పనిచేస్తుందని రుజువైంది కూడా. చిక్కల్లా ఒక్కటే: దాంతో ఏం చేయాలో జనానికి తెలియలేదు. మే నెలలో బాల్టిమోర్‌లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరిగినప్పుడు ఆ కబుర్లు వాషింగ్టన్‌కు క్షణాల్లో చేరుతుంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు. సభ ముగిశాక తీగ మళ్ళీ ఖాళీ. వచ్చేవాళ్ళు చాలామంది చూసి పోవడానికే వచ్చేవాళ్ళు. 1845 ఏప్రిల్ 1 నుంచి నాలుగు అక్షరాలకు ఒక సెంటు చొప్పున వసూలు మొదలుపెడితే, మొదటి నాలుగు రోజుల్లో వచ్చిన రాబడి ఒకే ఒక్క సెంటని ఆనాటి కథనాలు చెబుతాయి. ఈ పరిస్థితిలో తీగ పనితనం నలుగురికీ కళ్ళకు కట్టేలా చూపించే పని ఏదో ఒకటి కావాలి. చదరంగం ఆ పనికి సరిగ్గా సరిపోయింది.

ఎందుకు సరిపోయిందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. మామూలు కబురులో ఒక అక్షరం తప్పు పడినా మనిషి సర్దుకుని చదువుకుంటాడు. ‘రేపు వస్తున్నాను’లో ఒక అక్షరం మారినా విషయం బోధపడుతుంది. చదరంగం ఎత్తుకు ఆ సౌలభ్యం లేదు. 28వ గడి అనబోయి 29 అని చేరిందనుకోండి, అది కూడా చెల్లే ఎత్తే కావచ్చు. అప్పుడు తప్పు జరిగిందని ఎవరికీ అనుమానం రాదు. రెండు ఊళ్ళలో రెండు వేర్వేరు ఆటలు నడుస్తుంటాయి. నాలుగైదు ఎత్తుల తర్వాత ఎవరో ఒకరు ‘ఆ గడిలో నీ గుర్రం లేదు కదా’ అన్నప్పుడు గాని బండారం బయటపడదు. అంటే ఒక ఆట మొదటి నుంచి చివరి దాకా సజావుగా సాగిందంటే, మధ్యలో వెళ్ళిన ప్రతి అంకె సరిగ్గా చేరిందనే అర్థం. 686 ఎత్తులు తప్పు లేకుండా వెళ్ళాయన్న మాటకు ఉన్న బరువు అది. వ్యాపారులకు, బ్యాంకులకు, ప్రభుత్వానికి ‘మీ అంకెలు మారిపోవు’ అని చెప్పడానికి ఇంతకన్నా మంచి పరీక్ష ఆ రోజుల్లో దొరకదు.

దూరాన ఉన్నవాళ్ళతో చదరంగం ఆడటం మాత్రం టెలిగ్రాఫ్‌తో మొదలు కాలేదు. ఉత్తరాల మీద ఆట అంతకు ముందే బాగా పాకింది. 1824 ఏప్రిల్‌లో లండన్, ఎడిన్‌బరో క్లబ్బుల మధ్య మొదలైన పోటీ 1828 జులై చివరి దాకా సాగింది. అయిదు ఆటలకు నాలుగేళ్ళ పైన పట్టింది. ఎడిన్‌బరో రెండు గెలిచి, ఒకటి ఓడి, రెండు డ్రా చేసుకుంది. చదరంగంలో ‘స్కాచ్ గేమ్’ అనే ఆరంభానికి, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసకు, ఆ పేరు వచ్చింది ఈ పోటీ వల్లే. 1834లో మొదలైన పారిస్–లండన్ ఉత్తరాల పోటీ నుంచి ‘ఫ్రెంచ్ డిఫెన్స్’, 1842లో మొదలైన పెస్ట్ (ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగం)–పారిస్ పోటీ నుంచి ‘హంగేరియన్ డిఫెన్స్’ పేర్లు వచ్చాయి. ఉత్తరం వెళ్ళి జవాబు వచ్చేలోగా ఒక్కో ఎత్తును క్లబ్బు మొత్తం కూర్చుని రోజుల తరబడి తిప్పి తిప్పి చూసేది. అందుకే ఆ ఆటలను పుస్తకాలు రాసేవాళ్ళు నమ్మకంగా ఉదహరించేవాళ్ళు.

మన వైపు కూడా ఇలాంటి పోటీ ఒకటి జరిగింది. 1828–29లో మద్రాసు, హైదరాబాద్ ఆటగాళ్ళు తపాలాలో రెండు ఆటలు ఆడారు. మద్రాసు జట్టులో గులాం ఖాసిం అనే గట్టి ఆటగాడు ఉన్నాడు. ఆయన, జేమ్స్ కాక్రేన్ కలిసి ముజియో గాంబిట్ (గాంబిట్ అంటే పావును ఎరగా వేసి దాడికి దిగే ఆరంభం) మీద రాసిన విశ్లేషణ 1829లో మద్రాసులోనే అచ్చయింది. హైదరాబాద్‌తో ఆడిన ఆ రెండు ఆటలను కూడా వ్యాఖ్యతో సహా అందులోనే చేర్చారు. ఒకే ఒక ఆరంభాన్ని పట్టుకుని రాసిన తొలితరం చదరంగ పుస్తకాల్లో అదొకటి. ఇప్పటికీ కింగ్స్ గాంబిట్‌లో ఒక శాఖను గులాం ఖాసిం పేరుతోనే పిలుస్తారు. రైలు లేదు, తీగ లేదు. తపాలా మోసేవాళ్ళు కాలినడకన కృష్ణ దాటి ఎత్తులు చేరవేసిన రోజులవి. భారతదేశంలో చదరంగం చరిత్ర అనగానే పురాణకాలం దగ్గర మొదలుపెట్టి నేరుగా విశ్వనాథన్ ఆనంద్ దగ్గరికి దూకేస్తుంటాం. మధ్యలో గులాం ఖాసిం లాంటివాళ్ళకు దక్కాల్సిన చోటు దక్కలేదు.

ఉత్తరానికి ఇంకో సుగుణం ఉంది. అందులో ఎంతైనా రాయవచ్చు. అవతలివాళ్ళ కిందటి ఎత్తును మళ్ళీ రాసి, దానికి తమ జవాబు రాసి, అనుమానం ఉంటే బల్ల మీద పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో మొత్తం దింపవచ్చు. తప్పు దొర్లితే అక్కడే దొరికిపోతుంది. తీగకు ఆ ఉదారత లేదు. ప్రతి అక్షరానికీ సమయం, ప్రతి మాటకూ డబ్బు.

ఇంగ్లండులో తీగ మీద జరిగిన తొలి పెద్ద పోటీ 1845 ఏప్రిల్ 9న. ఆ ఏడాది జనవరి 1న హత్య చేసి రైలెక్కి లండన్ పారిపోతున్న జాన్ టావెల్‌ను స్లౌ స్టేషన్ నుంచి వచ్చిన టెలిగ్రాఫ్ కబురు పట్టించింది. ఆ యంత్రంలో ‘క్యూ’ అక్షరం లేదు. మనిషి వేషం గురించి చెప్పాల్సిన ‘క్వేకర్’ (ఒక క్రైస్తవ శాఖవాళ్ళ పేరు) అనే మాటను ‘కే డబ్ల్యూ’తో మొదలుపెట్టి పంపాల్సి వచ్చింది. అవతలి గుమాస్తాకు మొదట అర్థం కాకపోయినా కబురు పని చేసింది, హంతకుడు దొరికాడు. మామూలు భాష కాబట్టి అక్షరం లేకపోయినా గట్టెక్కింది. ఆ సంఘటనతో లండన్‌లో టెలిగ్రాఫ్ పేరు మార్మోగిపోతున్న రోజుల్లోనే చదరంగం పోటీ పెట్టారు.

నౌకాదళం అవసరాల కోసం లండన్‌లోని నైన్ ఎల్మ్స్ స్టేషన్ నుంచి పోర్ట్స్‌మత్ రేవుకు ఎదురుగా ఉండే గోస్పోర్ట్ దాకా రైలు పట్టాల వెంబడి, ఇంగ్లండులో టెలిగ్రాఫ్ రూపొందించిన కుక్, వీట్‌స్టన్‌ల తీగ వేశారు. దూరం 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గోస్పోర్ట్ చివర హోవర్డ్ స్టాంటన్, కెప్టెన్ హ్యూ కెన్నెడీ కూర్చున్నారు. అంతకు రెండేళ్ళ ముందు పారిస్‌లో ఫ్రాన్స్ మేటి ఆటగాడు సెంట్ అమాను ఓడించి వచ్చిన స్టాంటన్ అప్పటికి ప్రపంచంలోనే మేటి ఆటగాడు. ఇవాళ్టి టోర్నమెంట్లలో కనిపించే పావుల నమూనాకు ఆయన పేరే ఉంది. లండన్ చివర అయిదుగురి జట్టు. అందులో ‘బెల్స్ లైఫ్’ పత్రికలో చదరంగం శీర్షిక రాసే జార్జ్ వాకర్ ఉన్నాడు. తర్వాతి రోజుల్లో చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న హెన్రీ థామస్ బకుల్ ఉన్నాడు. పెరిగల్, టకెట్ ఉన్నారు. అయిదో మనిషి విలియం డేవీస్ ఎవాన్స్. ఆయన వేల్స్‌కు చెందిన ఓడ కెప్టెన్. సముద్రం మీద ఉత్తరాల సంచులు మోసే ఓడ ఆయనది. నాలుగో ఎత్తులో ఒక బంటును ఎరగా వేసి దాడి మొదలుపెట్టే ఎవాన్స్ గాంబిట్ ఆయన కనిపెట్టిందే. తపాలా ఓడ నడిపే మనిషి తపాలాను మించిన వేగంతో ఎత్తులు పంపే పోటీలో కూర్చోవడం కాకతాళీయమే గాని, ముచ్చటైన సంగతి. ఎవాన్స్ పేరు ఈ కథలో ఇంకోసారి వస్తుంది.

రెండు ఆటల్లో లండన్ ఒకటి గెలిచింది, రెండోది డ్రా అయింది. స్టాంటన్ ఓడిపోయాడు కదా అని పత్రికలేమీ చిన్నచూపు చూడలేదు. ఆ రోజు గెలిచింది యంత్రం. స్టాంటన్‌కు ఈ సాంకేతికత మీద నిజమైన ఆసక్తి ఉండేది, దూరాన ఉన్న క్లబ్బులన్నీ ఇలా కలిసి ఆడే రోజు వస్తుందని ఆశ పెట్టుకున్నాడు. ఆశ తీరడానికి చాలా కాలం పట్టింది. ఎందుకంటే దాదాపు ఒక రోజంతా తీగను చదరంగానికి వదిలేయడం అంటే ప్రదర్శన కోసం ఒకసారి చేయగలిగిన పని. రైళ్ళ కబుర్లు, మార్కెట్ ధరలు, పత్రికల వార్తలు ఆ తీగల మీద రద్దీగా నడవడం మొదలయ్యాక ఖాళీ సమయం అనేదే కరువైంది. 1861లో డబ్లిన్–లివర్‌పూల్, 1870లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా–న్యూ సౌత్ వేల్స్ పోటీల్లాంటివి జరిగాయి గాని, అవి ముందుగా ఏర్పాటు చేసుకున్న పండగల్లాంటివే. రోజువారీ ఆటగాడికి ఉత్తరమే దిక్కు. 1870లో బ్రిటన్‌లో అర పెన్నీ పోస్టుకార్డు వచ్చింది. 1879 జులైలో భారతదేశంలో పావు అణా, అంటే కానీ, కార్డు వచ్చింది. దాంతో ఉత్తరాల చదరంగం ఇంకా చవకైపోయింది. ఒకే రోజు ప్రయాణమున్న ఊళ్ళ మధ్య తీగ పెద్దగా ఆదా చేసేది కూడా లేదు. ఒక ఎత్తుకు ఎలాగూ రెండు రోజులు ఆలోచించేవాడికి, అది రెండు సెకన్లలో చేరితేనేం, మర్నాడు పొద్దున చేరితేనేం?

సముద్రం అడ్డం వచ్చిన చోట లెక్క మారిపోతుంది. నెలల తరబడి ఓడ మీద తిరిగే ఉత్తరంతో నలభై ఎత్తుల ఆట ఆడాలంటే ఏళ్ళకేళ్ళు పడుతుంది. అక్కడ తీగ నిజంగా అవసరం. అక్కడే తీగ ఖరీదు కూడా కొండెక్కి కూర్చుంది. 1858లో వేసిన తొలి అట్లాంటిక్ కేబుల్ మీద విక్టోరియా రాణి పంపిన 98 మాటల శుభాకాంక్షలు చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. ఆ కేబుల్ కొద్ది వారాలకే చచ్చిపోయింది. 1866లో నిలదొక్కుకున్న కేబుల్ మీద మొదట్లో కనీస రుసుము 20 మాటలకు 20 పౌండ్లు. ఆ ధరకు చదరంగం ఆడే క్లబ్బు ఎక్కడా ఉండదు. ధరలు క్రమంగా దిగాయి. 1870 నాటికి ఇంగ్లండు నుంచి బొంబాయికి కూడా సముద్రం కింద తీగ వచ్చేసింది. అయినా మాటకు ఇంత అన్న లెక్క మాత్రం పోలేదు. ఇక ఆటగాళ్ళ బుర్రంతా ఒక్కో మాటలో ఎంత కుక్కగలం అన్న దాని మీద పడింది.

ఈ విషయంలో లివర్‌పూల్ వాళ్ళు చేసిన పని అద్భుతం. 1880లో లివర్‌పూల్, కలకత్తా క్లబ్బులు తీగ మీద పోటీ పెట్టుకున్నాయి. ఒకేసారి రెండు ఆటలు. అప్పట్లో బ్రిటిష్ పోస్టాఫీసు టెలిగ్రాముల్లో అంకెలను, అర్థం లేని సంకేతాలను ఒప్పుకునేది కాదు. లాటిన్ మాటలు మాత్రం చెల్లేవి. విలియం వాట్సన్ రూథర్‌ఫర్డ్ అనే ఆయన ఈ నిబంధన లోపలే ఉండి ఒక ఉపాయం పన్నాడు. తర్వాత ఆయనకు సర్ బిరుదు కూడా వచ్చింది. రూథర్‌ఫర్డ్ కోడ్ అంటే అదే.

గడి పేరు, పావు పేరు ఏవీ పంపనవసరం లేదన్నది ఆయన మొదటి గమనింపు. ఏ స్థితిలోనైనా చెల్లే ఎత్తులు లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఆట మొదట్లో తెల్లపావులకు 20 ఎత్తులే ఉన్నాయి: ఎనిమిది బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుర్రాలకు రెండేసి చొప్పున 4. ఆట నడిమిలో అవి పెరుగుతాయి గాని, మామూలుగా అరవై దాటవు. కాబట్టి ఇద్దరూ ఒకే క్రమంలో ఎత్తులను లెక్కపెడితే ‘పన్నెండోది’ అని ఒక్క నంబరు చెబితే చాలు. రెండు ఆటల్లోని రెండు నంబర్లను ఒకటి చేయడం రెండో మెట్టు. మొదటి ఆట నంబరును 60తో గుణించి, రెండో ఆట నంబరు కలపాలి. మొదటి ఆటలో 12వ ఎత్తు, రెండో ఆటలో 35వ ఎత్తు అనుకుందాం. 12ను 60తో గుణిస్తే 720. దానికి 35 కలిపితే 755. నాలుగు అంకెలు చేయడానికి ముందు సున్నా పెడితే 0755.

ఈ అంకెల్ని మాటగా మార్చడం మూడో మెట్టు. మొదటి రెండు అంకెలు 00 నుంచి 39 లోపే ఉంటాయి, అందుకని 40 లాటిన్ ధాతువుల పట్టిక. మూడో అంకెకు పది ఉపసర్గలు, నాలుగో అంకెకు పది ప్రత్యయాలు. 07కు తగిన ధాతువు, దాని ముందు 5కు తగిన ఉపసర్గ, వెనక 5కు తగిన ప్రత్యయం తగిలిస్తే ఒక లాటిన్ మాట తయారు. ఆ ఒక్క మాటకే డబ్బు కట్టి పంపుతారు. కలకత్తాలో ఆ మాటను విడదీసి 755 చేసి, 60తో భాగిస్తే 12 వస్తుంది, 35 మిగులుతుంది. రెండు బల్లల మీద రెండు ఎత్తులు! పోస్టాఫీసు గుమాస్తా దృష్టిలో అది లాటిన్ పదం, అభ్యంతరం చెప్పడానికి లేదు.

పది ఉపసర్గలు, పది ప్రత్యయాలు, నలభై ధాతువులు కలిస్తే 4,000 మాటలు అవుతాయి. మామూలు పద్ధతిలో ‘ఈ గడి నుంచి ఆ గడికి’ అని చెప్పడానికి 64ను 64తో గుణిస్తే 4,096 అవకాశాలు. అంటే మిగతావాళ్ళు ఒక ఎత్తు చెప్పడానికి వాడేంత చోటులో రూథర్‌ఫర్డ్ రెండు ఎత్తులు పట్టించాడు. చెల్లని ఎత్తులకు చోటు కేటాయించడం దండగ అని గ్రహించడం వల్లే ఇది సాధ్యమైంది. ఇవాళ కంప్యూటర్ ఫైళ్ళను కుదించేవాళ్ళు చేసేది కూడా ఇదే. జరగడానికి వీల్లేని వాటికి అక్షరాలు ఖర్చు పెట్టరు. సమాచార సిద్ధాంతం అన్న మాట పుట్టడానికి అరవై ఏళ్ళకు పైగా ముందే, టెలిగ్రాం బిల్లు తగ్గించుకోవడం కోసం ఒక చదరంగం ఆటగాడు దీన్ని ఆచరణలో పెట్టాడు. చదరంగ చరిత్రల్లో దీనికి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టడం అన్యాయం.

దీనికి ఒక బలహీనత కూడా ఉంది, అది చిన్నది కాదు. నంబరు అర్థం బల్ల మీద ఆధారపడుతుంది. కలకత్తాలో ఒక్క బంటు పొరపాటున పక్క గడిలో ఉన్నా ఎత్తుల లెక్క మారిపోతుంది, 12వది ఇంకేదో అవుతుంది. లెక్కపెట్టేటప్పుడు ఒక్క ఎత్తు మరిచిపోయినా అంతే. ప్రతిసారీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని లెక్కించాలి. రోజుల వ్యవధి ఉన్న ఆటకు ఇది చెల్లుతుంది. గడియారం పెట్టుకుని పది బల్లల మీద ఆడే పోటీలో దీన్ని వాడాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

అలాంటి పోటీలకు నప్పింది 1882లో అమెరికాలో లూయీ యూడమన్ రూపొందించిన కోడ్. రష్యాలో గ్రింగ్‌ముత్ అనే ఆయన కూడా ఇదే తోవలో ఒక పద్ధతి తయారు చేశాడు. టెలిగ్రాముల్లో సంకేతాలు పంపవచ్చని నిబంధనలు సడలాక రూథర్‌ఫర్డ్ పద్ధతిని యూడమన్ కోడ్ పక్కకు నెట్టేసింది. తెలుగువాళ్ళకు దీన్ని వివరించడం చాలా సులువు, ఇది అచ్చంగా గుణింతమే. తెల్లపావుల వైపు సగానికి ఎనిమిది హల్లులు, నల్లపావుల వైపు సగానికి మరో ఎనిమిది హల్లులు, నిలువు వరసకు ఒకటి చొప్పున. అడ్డ వరసలకు ‘అ, ఎ, ఇ, ఒ’ లాంటి నాలుగు అచ్చులు, బల్ల అంచు నుంచి నడిమి దాకా. పదహారు హల్లులను నాలుగు అచ్చులతో గుణిస్తే సరిగ్గా 64 గళ్ళు. రాజు ముందున్న తెల్ల బంటు రెండు గళ్ళు ముందుకు వేస్తే ‘గెగో’. నల్ల బంటు అదే విధంగా ఎదురు నిలిస్తే ‘సెసో’. ప్రతి ఎత్తూ రెండు అక్షరాల పలుకు, నోటితో చదవవచ్చు. ఇంగ్లిషు లిపిలో హల్లు, అచ్చు, హల్లు, అచ్చు అన్న క్రమం తప్పితే మధ్యలో ఏదో రాలిపోయిందని గుమాస్తాకు వెంటనే తెలిసిపోతుంది. ఈ కోడ్ చోటు ఆదా చేయదు. అందుకు బదులు తప్పును పట్టిస్తుంది, బల్ల వైపు చూడకుండానే అర్థమవుతుంది. తెలివిలో రూథర్‌ఫర్డ్‌దే పైచేయి, పనిలో మాత్రం యూడమన్‌దే గెలుపు.

కోడ్ సంగతి అలా ఉంచితే, ఆట నాణ్యత రీత్యా విక్టోరియా కాలపు తీగ చదరంగానికి శిఖరం అనదగింది 1890–91 పోటీ. న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ విల్‌హెల్మ్ స్టయినిట్జ్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యా మేటి ఆటగాడు మిఖాయిల్ చిగోరిన్. పందెం డబ్బు కన్నా పంతం పెద్దది. 1889లో వెలువడిన తన చదరంగ గ్రంథంలో స్టయినిట్జ్ కొన్ని ఆరంభాల గురించి చాలామందికి మింగుడుపడని తీర్పులు ఇచ్చాడు. ఎవాన్స్ గాంబిట్‌లో నల్లపావుల మంత్రిని తొందరగా ముందుకు తేవచ్చన్నాడు. టూ నైట్స్ డిఫెన్స్ అనే ఆరంభంలో తెల్ల గుర్రాన్ని బల్ల అంచుకు వెనక్కి లాగవచ్చన్నాడు. చూడగానే వికారంగా కనిపించే ఎత్తులు రెండూ. చిగోరిన్ వీటిని ఒప్పుకోలేదు. అయితే ఆడి చూద్దాం అనుకున్నారు. రెండు ఆటలూ స్టయినిట్జ్ చెప్పిన స్థితుల నుంచే సాగాయి. 1890 అక్టోబరులో మొదలై 1891 ఏప్రిల్ చివర్లో ముగిశాయి. చిగోరిన్ రెండూ గెలిచాడు.

గోస్పోర్ట్ పోటీ నాటికీ దీనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఇది ఒక్క రోజు వినోదం కాదు. ఉత్తరాల చదరంగంలో ఉండే తీరికను, లోతును అట్లాంటిక్ దాటించడానికి తీగను వాడుకున్నారు. లండన్–ఎడిన్‌బరో మధ్య అయిదు ఆటలకు నాలుగేళ్ళు పట్టిన చోట, రెండు ఖండాల మధ్య రెండు ఆటలు ఆరు నెలల్లో తేలిపోయాయి. పైగా తేలిన విషయం ఒక సిద్ధాంతం. పుస్తకంలో రాసిన మాటను ప్రపంచం చూస్తుండగా పరీక్షకు పెట్టడం చదరంగంలో అంతకు ముందు ఈ స్థాయిలో జరగలేదు. తపాలా ఓడ కెప్టెన్ కనిపెట్టిన గాంబిట్ మీద న్యాయనిర్ణయం సముద్రగర్భ కేబుల్ మీద జరిగింది.

దూరం వల్ల ఆట ఎంత మారుతుందో మరుసటి ఏడాది ఇంకా స్పష్టంగా తెలిసింది. 1892లో హవానాలో స్టయినిట్జ్, చిగోరిన్ ముఖాముఖి ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడారు. 23వ ఆటలో చిగోరిన్ గెలుపు దిశగా ఉన్నాడు. గెలిస్తే స్కోరు సమం అవుతుంది. ఆ టెన్షన్‌లో రాజుకు కాపలా ఉన్న శకటును పక్కకు జరిపాడు. రెండు ఎత్తుల్లో ఆట కట్టు. మ్యాచ్ చేజారిపోయింది. ఇంట్లో తీరిగ్గా ఆలోచించుకుని కేబుల్ మీద ఎత్తులు పంపే చిగోరిన్‌కు ఆ పొరపాటు జరిగేది కాదని చెప్పడానికి పెద్ద ఊహ అవసరం లేదు. అలాగని కేబుల్ ఇచ్చిన తీర్పే శాశ్వతం అనుకోనక్కర్లేదు. నవ్వులపాలైన ఆ గుర్రం ఎత్తునే 1963లో బాబీ ఫిషర్ బయటికి తీసి, తోటి అమెరికన్ ఆటగాడు బిస్‌గైయర్ మీద గెలిచాడు. చిగోరిన్ ఓడించింది ఆ ఎత్తునా, లేక ఆ రోజుల్లో స్టయినిట్జ్ దాన్ని నడిపిన తీరునా అన్నది అప్పటి నుంచి మళ్ళీ చర్చకు వచ్చింది.

ఆ తర్వాత దేశాల మధ్య కేబుల్ పోటీల కాలం. టిట్-బిట్స్, స్ట్రాండ్ పత్రికల అధిపతి సర్ జార్జ్ న్యూన్స్ పేరు మీద ఒక కప్పు పెట్టారు. 1896 నుంచి 1911 దాకా బ్రిటన్, అమెరికా జట్లు పదమూడుసార్లు తలపడ్డాయి. చెరి ఆరు గెలిచాయి, ఒకటి డ్రా. చివరి మూడేళ్ళూ వరసగా గెలిచి బ్రిటన్ కప్పును శాశ్వతంగా ఉంచేసుకుంది, దాంతో పోటీలు ఆగిపోయాయి. 1897 మే 31న, జూన్ 1న బ్రిటిష్ హౌస్ ఆఫ్ కామన్స్ సభ్యులు, అమెరికా ప్రతినిధుల సభ సభ్యులు కేబుల్ మీద అయిదు బల్లల పోటీ ఆడి రెండున్నర–రెండున్నరతో సమంగా నిలిచారు. ఈ పోటీల్లో ఆటగాళ్ళ ప్రతిభ కన్నా నమ్మకం పెద్ద సమస్య. కళ్ళెదుట లేని ప్రత్యర్థి పక్కన ఎవరు కూర్చుని చెబుతున్నారో తెలియదు. అందుకని ఒక్కో పక్షం అవతలి ఊళ్ళో తన తరఫున ఒక పర్యవేక్షకుడిని కూర్చోబెట్టేది. లండన్‌కూ న్యూయార్క్‌కూ అయిదు గంటల తేడా కాబట్టి ఒకరికి పొద్దున మొదలైన ఆట ఇంకొకరికి మధ్యాహ్నం మొదలయ్యేది. వేళ మించిపోయి సగంలో ఆగిన ఆటలను నిపుణులు చూసి ఫలితం తేల్చేవాళ్ళు. అలా తేల్చిన అర పాయింటు మీద కప్పు అటో ఇటో పోయేది. ఈ పోటీల్లో అన్నిటికన్నా అసంతృప్తి మిగిల్చిన అంశం ఇదే అనిపిస్తుంది. తీగ ఎత్తులను తప్పు లేకుండా మోసింది గాని, ఆట పూర్తయ్యేంత సమయం కొనిపెట్టలేకపోయింది.

కేబుల్ పోటీలు పోయాక కూడా యూడమన్ కోడ్ బతికింది. 1945 సెప్టెంబరు 1 నుంచి 4 దాకా అమెరికా, సోవియట్ జట్లు పది బల్లల మీద రేడియోలో ఆడిన మ్యాచ్‌లో ఎత్తులు ఈ కోడ్‌లోనే వెళ్ళాయి. ఒక్కో ఎత్తు చేరడానికి సగటున అయిదు నిమిషాలు పట్టేది. సోవియట్ జట్టు 15½–4½ తేడాతో అమెరికాను చిత్తుగా ఓడించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రపంచ చదరంగంలో ఎవరి రాజ్యం నడవబోతోందో ఆ నాలుగు రోజుల్లోనే అందరికీ తెలిసిపోయింది.